ఏ కారణమూ లేకుండా

విజిలు మాస్టారి గొంతు సంగతి ముందు చెప్పుకోవాలి. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. మైదానం ఈ చివర నిలబడి ఆయన "లైన్!" అన్నాడంటే, ఆ చివరనున్న పిల్లలే కాదు, గోడవతల రోడ్డు మీద పోయే సైకిలువాడు కూడా ఒక్కసారి నిటారుగా సర్దుకునేవాడు. అలాంటి గొంతు ఒక గదిలో, ఒక బల్ల ముందు, నలుగురు మనుషుల ఎదుట మూడు నెలలపాటు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో చెప్పడానికే ఇదంతా. సిగ్గుపడాల్సిన సంగతే. ఆయనే ఒప్పుకున్నాక మనం దాచడమెందుకు?

ఆయనకి అమ్మానాన్న పెట్టిన పేరొకటి ఉంది గానీ హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పనికిరాలేదు. మెడలో నల్లతాడు, తాడుకి ఇత్తడి విజిలు, పెద్దా చిన్నా అందరికీ విజిలు మాస్టారే. కుర్రతనంలో పరుగుపందేల మనిషి. మోకాలు మోసం చేసింది. తను పరిగెత్తలేకపోయాక ఇంకొకళ్లని పరిగెత్తించే ఉద్యోగంలో చేరాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే బడి, ఒకే మైదానం. సున్నం గీతలు ఆయన గీస్తే దారం పట్టి గీసినట్టుండేవి. దస్తూరీ కూడా అంతే. ఏ సర్టిఫికెట్టు మీద పేరు రాయాలన్నా, "మాస్టారూ, మీ చేత్తో ఒక్కసారి" అంటూ కాగితం ఆయన ముందుకే జరిగేది.

"ఇన్నేళ్లలో ఒక్క పిల్ల మీద చెయ్యెత్తలేదు" అన్నది ఆయన చెప్పుకునే గొప్ప. నిజమే, ఎత్తలేదు. ఎత్తకుండానే పని జరిగే ఉపాయం ఒకటి కనిపెట్టుకున్నాడు. మైదానం మూల ఆటసామాన్ల గది ఉంది. గాలిపోయిన బంతులు, చుట్టచుట్టిన వలలు, చాపలు, సున్నం బస్తా. కిటికీ లేదు. ఒక బల్బుంది, దాని స్విచ్చి బయట గోడకుంది. అల్లరి మితిమీరిన పిల్లల్ని చెయ్యిపట్టుకుని అక్కడికి తీసుకెళ్లి, "రెండు నిమిషాలు కూర్చో. మనసు కుదుటపడ్డాక నేనే తీస్తాను" అని బయట గడియ పెట్టేవాడు. రెండు నిమిషాలంటే రెండే, చేతి గడియారం చూసి మరీ తీసేవాడు. బయటికొచ్చిన పిల్లలు కిక్కురుమనేవాళ్లు కారు. ఈ పద్ధతి మిగతా టీచర్లకీ నచ్చింది. "మాస్టారూ, మావాడొకడున్నాడు, కాస్త మీ గదిలో కూర్చోబెట్టండి" అని పంపేవాళ్లు. కొట్టడం లేదు, తిట్టడం లేదు, ఎంత శాంతంగా ఉందో అని మెచ్చుకునేవాళ్లు. తలుపుకి ఇవతల నిలబడి చూస్తే ఏదైనా శాంతంగానే ఉంటుంది మరి!

నాలుగో తరగతిలో తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి ఉండేది. స్టాఫ్ రూములో ఆ పిల్లకి సుడిగాలి అని పేరు పెట్టారు. కోపం ముక్కు మీదే. పుస్తకం విసిరేది, పక్కపిల్ల జడ పట్టుకునేది, అంతలోనే బల్లకింద దూరి ఏడ్చేది. తండ్రి లేడు. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేచోట పని చేసేది. పిల్లని బడికి తెచ్చేదీ తీసుకెళ్లేదీ మేనమామ. అతను బస్సుల డిపోలో బళ్లు కడుగుతాడు, అతని ప్యాంటు అంచులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఇంతటి సుడిగాలీ డ్రిల్లు పీరియడ్డులో మాత్రం నవ్వేది. దాని కాళ్లలో పరుగుంది. మాస్టారు అది కనిపెట్టాడు, "నా చిన్నప్పటి కాళ్లు దీనికొచ్చాయి" అని భార్య దగ్గర మురిసిపోయేవాడు కూడా.

ఆ రోజు రెండో పీరియడ్డు. జట్టుపరుగులో సుడిగాలి చేతికి కర్ర అందించాల్సిన పిల్ల దాన్ని కింద పడేసింది. ఓడిపోయారు. సుడిగాలి బూటు తీసి ఆ పిల్ల మీదకి విసిరింది. మాస్టారు చెయ్యిపట్టుకుని గదికి తీసుకెళ్లాడు. "రెండు నిమిషాలు" అన్నాడు. గడియ పెట్టాడు.

అదే వేళకి పై ఆఫీసు నుంచి అధికారి ఒకాయన తనిఖీకి దిగాడు. హెడ్‌మాస్టరమ్మని బడిలో అందరూ పెద్దమేడం అంటారు. ఆవిడ వరండాలోంచి కేకేసింది. "మాస్టారూ, త్వరగా రండి, సార్ మన కవాతు గురించి అడుగుతున్నారు!" మాస్టారు వెళ్లాడు. అధికారి కవాతు బాగుంటుందట కదా అన్నాడు. మాస్టారు ఎలా నేర్పుతాడో చెప్పాడు. అధికారి తల ఊపాడు. మాస్టారు ఫొటోలు చూపించాడు. టీ వచ్చింది. పొగడ్త ముందు ఎవడైనా ఐసే కదా, కరిగి కూర్చున్నాడు. రెండో కప్పు చేతిలోకి తీసుకుంటుండగా గంట మోగింది. అప్పుడు గుర్తొచ్చింది.

మోకాలు నొప్పి మరిచి పరిగెత్తాడు. డెబ్బై నిమిషాలైంది. తలుపు దగ్గరికి వెళ్లేసరికి ఇంకొకటి కనబడింది. స్విచ్చి ఆపేసి ఉంది. గడియ పెట్టగానే లైటు ఆపడం ఆయనకి చేతి అలవాటు. ఎవరూ లేనప్పుడు కరెంటు దండగని చేసే పని ఆ రోజూ చేసేశాడు.

లోపల పిల్ల అరవడం లేదు. చాపల వెనక నిలబడి ఉంది. గౌను తడిసిపోయింది. వేళ్ల చివర్లు తలుపుకి గీకి గీకి చెక్కుకుపోయాయి. ఒళ్లంతా సున్నం. ఆయన వంగి చెయ్యి చాపగానే మణికట్టు మీద పళ్లు దిగేలా కొరికింది. ఆయన విడిపించుకోలేదు. అంతవరకూ మనిషే. ఆ తర్వాతే భయం పట్టుకుంది. వరండాలో అధికారి ఇంకా వెళ్లలేదు.

కుళాయి దగ్గర కూర్చోబెట్టి పిల్ల కాళ్లు కడిగాడు, చేతులు కడిగాడు. కడుగుతూ అన్నాడు. "చూడు తల్లీ. నువ్వు కొరికావని నేనెవరికీ చెప్పను. నువ్వు గదిలో ఉన్నావని నువ్వూ ఎవరికీ చెప్పకు. మీ అమ్మకి కూడా. ఒట్టేనా?"

పిల్ల ఆయన చేతిలో చెయ్యి వేసింది. "ఒట్టు సార్" అంది. గౌను మీద నీళ్లు పడ్డాయని క్లాసు టీచరుకి చెప్పి పంపేశాడు.

సాయంత్రం పెద్దమేడం ఆయన చెయ్యి చూసింది. "ఏమిటది మాస్టారూ, రక్తం?" ఆయన నీళ్లు నమిలాడు. "అదే... సుడిగాలి" అన్నాడు. "కొరికిందా! ఎందుకు?" అంది ఆవిడ. "ఏమో మేడం" అన్నాడు. ఆవిడ రిజిస్టరు ముందుకు తోసింది. ఆయన కలం తీసి, దారం పట్టినట్టుండే ఆ దస్తూరీతోనే రాశాడు. "ఏ కారణమూ లేకుండా దాడి చేసి గాయపరిచినది." ఒట్టు పెట్టించుకుని ఆరు గంటలు కూడా కాలేదు.

ఇంట్లో ఇంకో అబద్ధం. వల కట్టే ఇనపరాడ్డు గీసుకుందన్నాడు. భార్య గుడ్డ విప్పి, మందు రాసి, కాసేపు చూసింది. "రాడ్డుకి పళ్లెప్పుడొచ్చాయండీ?" అంది. ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. ముప్పయ్యేళ్ల కాపురం, అడగాల్సినవాటికంటే అడగకూడనివి ఎక్కువ తెలుసు ఆవిడకి.

మర్నాటి నుంచి సుడిగాలి మూసిన తలుపు వెనక ఉండటం మానేసింది. క్లాసు తలుపు వేస్తే లేచి పరుగు. అడ్డొచ్చిన టీచరుని గిల్లింది, తన్నింది, ఒకసారి కొరికింది కూడా. బడి మీదికి ఫిర్యాదులొచ్చాయి. ఇలాంటి పిల్లల కోసం ఒక కమిటీ ఉంటుంది. బడి ఒక్కదాని వల్లా కాదు గనక నాలుగు ఆఫీసులూ కలిసి ఆదుకోవాలని ఏర్పాటు. ఆలోచన మంచిదే, కాదనను. పెద్దమేడం, ఆసుపత్రి నుంచి మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ, పిల్లల సంక్షేమాధికారి, పిల్లలతో బొమ్మలు గీయించి మాట్లాడించే కౌన్సిలరమ్మాయి. ఐదో కుర్చీలో టీచర్ల తరఫున ఎవరు? "దెబ్బ తిన్నది మాస్టారు, అయినా పిల్ల మీద పగ లేదు, ఆయనకంటే ఎవరున్నారు?" అంది పెద్దమేడం. తేలు కుట్టిన దొంగలా ఆయన వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి సమావేశంలో డాక్టరమ్మ సూటిగా చెప్పింది. "మూసిన తలుపంటే ఈ పిల్లకి ప్రాణభయం. ఎవరో ఎక్కడో దీన్ని గదిలో పెట్టి గడియ పెట్టారు. ఎవరో తెలిస్తే సగం వైద్యం అయిపోయినట్టే. పిల్ల మాత్రం నోరు విప్పడం లేదు."

మాస్టారు ఇప్పుడు చెప్పేద్దామనుకున్నాడు. నాలిక మీదికి వచ్చింది కూడా. ఇరవై ఎనిమిదేళ్ల పేరు, రెండేళ్లలో రాబోయే రిటైర్మెంటు, పెద్దమేడం మొహం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. మళ్లీసారి చెప్దాంలే అనుకుని బిస్కెట్టు తీసుకున్నాడు. ఆ బిస్కెట్టు తీసుకోవడం తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు చెంపలేసుకున్నాడో.

మళ్లీసారి వచ్చింది, వెళ్లింది. ఈలోగా ఆయన రాసిన వాక్యం ఊరేగడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఫైలులో "పాఠశాల నివేదిక ప్రకారం, ఏ కారణమూ లేకుండా దాడి చేయు స్వభావం". సంక్షేమాధికారి ఫైలులో "వైద్యుల నివేదిక ప్రకారం, ఏ కారణమూ లేకుండా". కౌన్సిలరమ్మాయి ఫైలులో రెండు నివేదికల ప్రకారం. చివరికి పెద్దమేడం బడి ఫైలులో "పై మూడు కార్యాలయాలూ ధ్రువీకరించినట్లు" అని రాసుకుంది. ఒక్క అబద్ధం నాలుగు ఆఫీసులు తిరిగి, నాలుగు ముద్రలు వేయించుకుని, నిజమై ఇంటికొచ్చింది. ఆ నాలుగు కాగితాలూ చేతికొచ్చినప్పుడు ఆయన గబగబా బోర్లించి పెట్టేశాడు. తన మాటని తనే గుర్తుపట్టాడు మరి.

బడిలో కారణం లేకపోతే ఇంట్లో ఉండాలి కదా. సంక్షేమాధికారి వాళ్లింటికి వెళ్లొచ్చాడు. చిన్న ఇల్లు, రెండు గదులు. పడకగది తలుపుకి గడియ లేదు. స్నానాలగదికి లేదు. వంటింటికి లేదు. మేకులు పీకిన తొర్రలు మాత్రం కొత్తగా, తెల్లగా ఉన్నాయి. "ఎవరు పీకారు?" అంటే మేనమామ "నేనే సార్" అన్నాడట. అధికారి అది రాసుకుని, చుట్టూ గుండ్రంగా గీత కూడా గీశాడు. అదే వారం కౌన్సిలరమ్మాయి ఇల్లు బొమ్మ గీయమంటే పిల్ల తలుపే లేని ఇల్లు గీసింది. ఇంకేం కావాలి! గడియ పెట్టినవాడే సాక్ష్యం పోవాలని పీకేశాడని తేలిపోయింది. పిల్లని తల్లి నుంచి తప్పించి ప్రభుత్వ హాస్టలులో పెట్టడం, మేనమామ మీద పోలీసులకి రాయడం అని కమిటీలో అనుకున్నారు. చివరి సమావేశం శుక్రవారం ఉదయం పదింటికి, సంతకాలకి.

శుక్రవారం మాస్టారు తొమ్మిదిన్నరకే వచ్చాడు. వరండాలో బెంచీ మీద సుడిగాలి, పక్కన తల్లి, డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులు సబ్బుకి నానిపోయి తెల్లగా ఉన్నాయి. పిల్ల ఆయన్ని చూసి లేచి నిలబడింది. ఆ మొహంలో కోపం లేదు, ఫిర్యాదు లేదు. కవాతులో నిలబడ్డట్టు నిలబడింది అంతే. ఆయన తల తిప్పేసుకున్నాడు. సిగ్గు అంటే ఏమిటో ఆయనకి అప్పుడు బాగా తెలిసింది. తొమ్మిదేళ్ల పిల్ల కళ్లలోకి చూడలేకపోవడం.

మేనమామ గబగబా దగ్గరికొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి.

"సార్, మీకో దండం. మీరొక్కమాట చెప్పండి సార్ లోపల. మాలాంటివాళ్లు చెప్తే ఎవరు వింటారు?"

"నేనేం చెప్పేది బాబూ..."

"దానికి మీరంటే ఎంత గౌరవమో తెలుసా సార్? ఏం జరిగిందే, ఎవరేమన్నారే అని నేనెన్నిసార్లు అడిగానో. బడి అనగానే ఏదేదో చెప్తుంది. మీ పేరెత్తితే మాత్రం నోటి మీద చెయ్యి పెట్టుకుంటుంది. డ్రిల్లు సార్ గురించి ఒక్క చెడ్డమాట రానివ్వదు."

మాస్టారు గోడకి ఆనుకున్నాడు. ఒట్టు పెట్టించుకున్నవాడు మరిచిపోయాడు. పెట్టిన పిల్ల మూడు నెలలుగా మోస్తోంది. తన సొంత మేనమామ మెడకి ఉచ్చు బిగుసుకుంటున్నా మోస్తోంది.

లోపల అందరూ కూర్చున్నారు. తలుపు బార్లా తీసే ఉంచారు, పిల్ల భయపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. సంక్షేమాధికారి కాగితం చదివాడు. చివర్లో మేనమామని పిలిచి, "నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా?" అన్నాడు.

అతను సంచి బల్ల మీద బోర్లించాడు. మూడు ఇనప గడియలు, కొన్ని మేకులు. ఖణేలుమన్నాయి.

"ఇవి సార్. దాచలేదు, ఇంట్లోనే ఉన్నాయి. రాత్రి పడకగది గడియ పెడితే పిల్ల గోడకేసి తల కొట్టుకుంది. అందుకే పీకాను. తర్వాత స్నానాలగదిలో కూడా అలాగే చేసింది, అదీ పీకాను, వంటింటిదీ పీకాను. మా అక్క తలుపుకి కుండ అడ్డం పెట్టుకుని స్నానం చేస్తోంది సార్ మూడు నెలల నుంచి. పీకడం తప్పని తెలీదు. కావాలంటే మళ్లీ బిగించేస్తా. దాన్ని మాత్రం తీసుకెళ్లకండి."

"అది కాదయ్యా విషయం..." అని అధికారి కలం మూత తీశాడు.

"ఆగండి" అన్నాడు మాస్టారు.

గొంతు రాలేదు. గాలి మాత్రమే వచ్చింది. మళ్లీ అన్నాడు. ఈసారి ఎంత గట్టిగా వచ్చిందంటే, కౌన్సిలరమ్మాయి చేతిలో టీ తొణికింది.

"ఆగండి! గడియ పెట్టింది అతను కాదు. నేను. మా ఆటసామాన్ల గదిలో."

పెద్దమేడం అందరికంటే ముందు తేరుకుంది. "మాస్టారూ, మీకు ఒంట్లో బాగున్నట్టు లేదు. బయటికెళ్లి కాస్త మంచినీళ్లు తాగండి. సార్, ఈయన పిల్లలంటే ప్రాణం పెడతారు, ఆ బాధలో ఏదో..."

"నా ఒంటికేం కాలేదు మేడం. రిజిస్టరులో నేను రాసింది అబద్ధం. ఏ కారణమూ లేకుండా అని రాశాను. కారణం నేనే."

డాక్టరమ్మ మాత్రం కేకలెయ్యలేదు. ఆయన వైపు తిరిగి, రోగిని అడిగినట్టు మెల్లిగా అడిగింది. "ఎంతసేపు?"

"డెబ్బై నిమిషాలు."

"లైటుందా?"

"ఉంది. నేనే ఆపేశాను. అలవాటు కొద్దీ" అన్నాడు. చెప్పాక రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆ గదిలో రెండేసి నిమిషాలు కూర్చున్న పిల్లలందరికీ కూడా లైటు ఆపేసే ఉంటాడని ఆయనకి అప్పుడే తట్టింది. ఎంతమందో లెక్క లేదు.

"మొదటి రోజే నేను అడిగాను కదండీ" అంది డాక్టరమ్మ. "మీరు నా ఎదురుగానే కూర్చున్నారు."

"అవునమ్మా. కూర్చున్నాను."

సంక్షేమాధికారి చదివిన కాగితాన్ని రెండుగా మడిచి పక్కన పెట్టాడు. ఎవరి ఫైలులోకి వాళ్లు తలొంచుకున్నారు. "పాఠశాల నివేదిక ప్రకారం" అన్నది నాలుగు చోట్లా కనబడే ఉంటుంది. మేనమామ కొట్టబోతాడని మాస్టారు ఎదురుచూశాడు. కొడితే కాస్త నయంగా ఉండేదేమో. అతను కొట్టలేదు. ఒక్కొక్క గడియా ఏరుకుని సంచిలో వేసుకున్నాడు. "మీకు దండం పెట్టాను కదయ్యా ఇందాక" అన్నాడు, అంతే. సార్ అనలేదు.

అప్పుడు గుమ్మంలో అలికిడైంది. బార్లా తీసిన తలుపు, వరండాలోకి అన్నీ వినబడ్డాయి. సుడిగాలి గడప మీద నిలబడి ఉంది. తల్లి చెయ్యి విదిలించుకుని వచ్చింది. మొహం పాలిపోయింది. నేరం తన మీదికొస్తుందని భయపడే పిల్లల మొహం అది, మాస్టారు ఇరవై ఎనిమిదేళ్లుగా చూసిన మొహమే.

"నేను చెప్పలేదు సార్" అంది. "ఒట్టు. అమ్మకి కూడా చెప్పలేదు. మామయ్యకి కూడా."

మాస్టారు కుర్చీలోంచి లేచి, పాడైన మోకాలి మీదే కింద కూర్చున్నాడు. ఆ పిల్ల కళ్ల ఎత్తుకి వచ్చాడు. చూడక తప్పలేదు.

"నువ్వు చెప్పలేదమ్మా. తప్పు నీది కాదు. నేనే... నువ్వు కొరికిన సంగతి నేను ఆ రోజు సాయంత్రమే చెప్పేశాను. రాసిచ్చేశాను."

పిల్ల ఆయన మణికట్టు వైపు చూసింది. మచ్చ ఇంకా ఉంది.

"మరి నాకు చెప్పలేదేం సార్?" అంది.